మునిగిన బండి వాసన

మా బావ పాత కారు చూడాల్సి వస్తే అందరిలా దాని చుట్టూ తిరిగేవాడు కాదు. బానెట్ ఎత్తడం, టైరుని కాలితో తన్నడం, ఇవన్నీ తమకేదో తెలుసని చూపించుకోవడానికి చేసే పనులనేవాడు. ఆయన ముందు అద్దాలన్నీ పైకెక్కించి, తలుపులు వేసుకుని, లోపల ఒక్కడే కూర్చునేవాడు. కళ్ళు మూసుకునేవాడు. కాసేపటికి ఏసీ వేసేవాడు, మళ్ళీ ఆపేవాడు. అమ్మడానికొచ్చిన మనిషి బయట ఎండలో నిలబడి, లోపలాయన నిద్రపోయాడో ఇంకేమైనా అయ్యాడో తెలీక అద్దంలోంచి తొంగిచూస్తుండేవాడు. చూసి చూసి వేలితో అద్దం మీద కొట్టేవాడు. అయినా బావ కదిలేవాడు కాదు.

దిగాక ఒక్క మాట అనేవాడు. ఇందులో కుక్కని తిప్పారనో, వెనక సీటు మీద పసిపిల్లాడు పాలు కక్కుతూ పెరిగాడనో. అమ్మేవాడు ముక్కున వేలేసుకునేవాడు. దెబ్బ తిని మళ్ళీ పెయింటు వేసుకున్న బండిని, ఇంజనాయిలు కారే బండిని, యజమాని సిగరెట్లు తాగి తాగి అమ్మేముందు మాత్రం మానేసిన బండిని, అన్నింటినీ వాసనతోనే పట్టేసేవాడు. ఆ తర్వాతే టార్చిలైటు తీసుకుని కిందా మీదా చూసి ధర చెప్పేవాడు. ఆయన బాగుందన్న బండి బాగున్నట్టే. మా షోరూం ఓనరు కూడా కొనేవాళ్ళతో, ఇది మా ముక్కు చూసిన బండండీ, కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండి అనేవాడు. యార్డులో మా బావని అందరూ పిలిచేది ఆ పేరుతోనే.

ఆ షోరూంలో కౌంటరు దగ్గర కూర్చునేది నేను. ఫోనెత్తడం, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళివ్వడం, అమ్ముడుపోయిన కారు తాళం కొన్నవాళ్ళ చేతికివ్వడం నా పని. బావే ఇప్పించాడు ఆ ఉద్యోగం. మా అక్క మొగుడు. వాళ్ళకి పిల్లల్లేరు, నాకు మొగుడు లేడు, ముగ్గురం రెండు గదుల్లో సర్దుకున్నాం. పెళ్ళి ఊసెత్తితే ఇది కరుస్తుంది అని మా అక్క వచ్చినవాళ్ళకి ముందే చెప్పి పెడుతుంది. దీని నోట్లో నువ్వుగింజ నానదని కూడా చెబుతుంది. రెండూ నిజమే. అందుకే ఈ సంగతి నేను చెబుతున్నాను. వాళ్ళకి వదిలేస్తే ఇది బయటికే రాదు, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నోరు మూసుకు కూర్చునే రకం.

బావకి చదువు అబ్బలేదు. చిన్నతనంలోనే తల్లి పోతే మేనమామ తన గ్యారేజీలో కార్లు కడగడానికి పెట్టాడు. మిగతావాళ్ళు పైపైన నీళ్ళు కొట్టి ఆడుకోవడానికి పోతే, ఈయన సీట్ల కింద తలదూర్చి మరీ తుడిచేవాడట. అలా తుడిచి తుడిచి, తలుపు తీయగానే ఆ కారులో తిరిగే కుటుంబం ఎలాంటిదో చెప్పడం నేర్చుకున్నాడు. పెళ్ళిచూపులకి మా ఇంటికొచ్చినప్పుడు కూడా, మీ వంటింట్లో గ్యాసు సన్నగా లీకవుతోంది, ముందది చూడండి అన్నాడు. పిల్ల నచ్చిందా అంటే గ్యాసు గొడవ ఏంటని మా నాన్న విసుక్కున్నాడు. చూస్తే నిజంగానే పైపు చీలి ఉంది. అప్పుడే ఒప్పేసుకున్నానే అంటుంది మా అక్క.

ఆ ముక్కుకి ఇన్సూరెన్సు చేయించుకో బావా, అది పోతే ముగ్గురం రోడ్డున పడతాం అని నేను ఆటపట్టించేదాన్ని. ముందు నీ నోటికి చేయిస్తాను, అది పోతే ఇంటిల్లిపాదీ హాయిగా నిద్రపోతాం అనేవాడు. మా మాటలు అలా ఉండేవి. బావామరదళ్ళం కదా, ఒకరినొకరు అనుకోకపోతే అన్నం అరిగేది కాదు.

ఒక చలికాలం ఆయనకి జ్వరమొచ్చింది. అందరికీ వచ్చేలాంటిదే, తగ్గిపోయి ఇంట్లో తిరుగుతున్నాడు కూడా. అక్క పొయ్యి మీద పాలు పెట్టి, చూస్తుండమని ఆయనకి చెప్పి పక్కింటికెళ్ళింది. ఆయన పొయ్యికి వీపు పెట్టి కుర్చీలో కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడి, కంపు వీధిలోకి కొడితే అక్క పరిగెత్తుకొచ్చింది. ఏమైందే అని అడిగాడాయన. అప్పుడే పనినించి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతున్న నేను పగలబడి నవ్వాను, ముక్కుగారు సెలవులో ఉన్నారా అని. ఆయన నవ్వలేదు. మాడిన గిన్నె అక్క చేతిలోంచి తీసుకుని మొహం దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత సబ్బు తీసి చూశాడు. తర్వాత కిందకెళ్ళి స్కూటరు ట్యాంకు మూత తీసి వంగాడు. పైకొచ్చి అక్క ముందు నేల మీద చతికిలబడి, ఏ వాసనా రావట్లేదే అన్నాడు.

తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఆ ముక్క చెప్పడానికి డాక్టరెందుకు, నేనూ చెప్పగలను. నెలలు గడిచాయి, రాలేదు. చూపు పోయిందంటే అయ్యో అంటారు, ముక్కు పని చేయట్లేదంటే జనం నవ్వుతారు. కానీ ఆయనకి అది చూపు పోవడం కంటే ఎక్కువ. చేతిలో ఇంకో విద్య లేదు. షోరూంలో చెప్పలేడు, చెప్పకుండా బళ్ళు చూడలేడు. అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు.

దారి చూపించింది మా అక్కే. రోజూ మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని యార్డుకి రావడం మొదలుపెట్టింది. నడిచొచ్చాను, కాళ్ళు లాగుతున్నాయండీ అనేది అందరికీ వినబడేలా. కాసేపు ఆ కారులో కూర్చో, ఏసీ ఉంది అనేవాడు ఆయన. అద్దాలెక్కించి ఇద్దరూ లోపల కూర్చునేవాళ్ళు. అక్క కళ్ళు మూసుకునేది, బావ దాని మొహం చూస్తూ కూర్చునేవాడు. చూసినవాళ్ళు, ఈ వయసులో ఎంత ముచ్చటగా ఉన్నారో అని మురిసిపోయేవాళ్ళు. మా ఓనరైతే తన పెళ్ళానికి వీళ్ళని ఉదాహరణగా చెప్పేవాడట. నేను కౌంటరు వెనక నవ్వాపుకోలేక చచ్చేదాన్ని.

మా అక్కకి ముక్కు మంచిదే గానీ, ఈ విద్య తెలీదు. వంటింటి భాషలో చెప్పేది. పాత నూనె డబ్బా కడిగినట్టుంది అంటే ఇంజనాయిలు. ఇనప పెనం కాలినట్టుంది అంటే క్లచ్చు. ఒకసారి మాత్రం, కుక్క వాసన ఉంది గానీ కుక్కకంటే యజమాని ఎక్కువ కంపు కొడుతున్నాడండీ అంది, ఆ యజమాని బయట నిలబడి ఉండగానే. బావ ఆ రోజు చాలా కాలానికి నవ్వాడు. వింటూ వింటూ దాని మాటల్ని బళ్ళ జబ్బుల్లోకి మార్చుకోవడం నేర్చుకున్నాడు. కొన్నాళ్ళు బండి నడిచింది. గట్టున పడ్డామనే అనుకున్నాం.

అప్పుడొచ్చాయి వరదలు. మా ఊరికి కాదు, నది ఎగువనున్న ఊళ్ళకి. నీళ్ళు తీశాక అక్కడి కార్లన్నీ లారీలెక్కి చుట్టుపక్కల ఊళ్ళ మీద పడ్డాయి. కడిగి, ఆరబెట్టి, పాలిష్ కొట్టి, సెంటు చల్లి తెచ్చేవాళ్ళు. పైన పటారం, లోన లొటారం. మునిగిన బండితో వచ్చే చిక్కేంటంటే అది వెంటనే చెడిపోదు. వైర్ల జాయింట్లలోకి సన్నటి బురద దూరి కూర్చుంటుంది. కొన్నాళ్ళు నిక్షేపంలా తిరిగి, ఏదో ఒక రోజు రోడ్డు మధ్యలో ఉన్నట్టుండి అన్నీ ఒకేసారి ఆరిపోతాయి. మిగతా జబ్బులున్న బండికి ధర తగ్గించి తీసుకోవచ్చు, మునిగినదానికి ధరే లేదు, ముక్కలుగా అమ్ముకోవాల్సిందే అనేవాడు బావ. అక్క ఏ కారులో కూర్చున్నా, చాలా రోజులు మూత వేసిన నీళ్ళ పీపా తెరిచినట్టుంది అనేది. ఆయన వద్దనేవాడు. తెచ్చినవి తెచ్చినట్టే వెనక్కి పోయేవి.

మా ఓనరు దుర్మార్గుడేం కాదు. కానీ యార్డు ఖాళీగా ఉంటే ఎవరికైనా బుర్ర తిరుగుతుంది. ఒకరోజు నా కౌంటరు ముందే బావని నిలబెట్టి అన్నాడు, "నీ ముక్కుకి అన్నీ మునిగిన బళ్ళే అయితే, ఆఖరికి మునిగేది నా షాపు." ఇంకో షోరూం నుంచి మిషను పెట్టి చూసే అతను వస్తానంటున్నాడనీ, ఈ నెలలో చూసుకుని ఏదో ఒకటి తేలుస్తాననీ చెప్పాడు. బావ తల వంచుకుని విన్నాడు. నాకు ఒళ్ళు మండింది. రాత్రి భోజనాల దగ్గర ఆ మాటలన్నీ ఓనరు గొంతు పెట్టి మరీ అక్కకి వినిపించాను. బావ ఆ వయసులో బయటికెళ్ళి ఏం పని చేస్తాడు, ఎవరిస్తారు? మా ముగ్గురి బుర్రలోనూ అదే తిరుగుతోంది.

అదే రోజుల్లో ఒక నర్సు వస్తుండేది మా షోరూంకి. ఆసుపత్రి నర్సు కాదు, ఇళ్ళకెళ్ళి మంచాన పడ్డవాళ్ళకి కట్లు మార్చే నర్సు. పొద్దున్నించి బస్సులు మారి మారి తిరగలేక, చిన్న కారొకటి కావాలంది. డ్రైవింగు కొత్తగా నేర్చుకుంది. మంచి మనిషి. నా మెడ నొప్పికి ఎలా కూర్చోవాలో చూపించింది, తన మందుల డబ్బాలోంచి మాత్రలు ఇచ్చింది. బావని అన్నయ్యా అని పిలిచేది. ఏ కారు చూపించినా ఒకటే మాట అడిగేది, ఇది అన్నయ్య చూశారా అని. ఆయన చూసి బాగుందంటేనే తీసుకుంటాను, నాకు బళ్ళ గురించి ముక్కా తెలీదు అనేది.

ఒక బూడిదరంగు చిన్న కారు వచ్చింది. ఓనరు చాలా తక్కువకి బేరం కుదుర్చుకుని, నర్సుకి సరిగ్గా సరిపోతుందని ముందే ఆశపెట్టేశాడు. ఆవిడ వచ్చి కౌంటరు దగ్గర కూర్చుంది. అక్క క్యారియరుతో వచ్చింది. కాళ్ళు లాగుతున్నాయంది. బావ కారు తలుపు తీశాడు. నేను అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను, కానీ దూరం, మొహాలు కనబడలేదు. చాలాసేపు కూర్చున్నారు. దిగి వచ్చాక బావ నర్సు వైపు చూడలేదు. ఓనరు వైపు చూసి బండి బాగుందన్నాడు. నర్సు లేచి రెండు చేతులూ జోడించింది ఆయనకి. తాళం నేనే ఇచ్చాను ఆవిడ చేతికి. ఓనరు ఆ పూట యార్డులో అందరికీ టీ తెప్పించాడు, మిషను పెట్టి చూసే అతని మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ కారు ఎండాకాలం అంతా తిరిగింది. వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం ఫోను మోగింది. నర్సు తమ్ముడు. వంతెన మీద పోతుండగా కారు ఆగిపోయింది, లైట్లు కూడా ఆరిపోయాయి, కనబడక వెనకొస్తున్న లారీ గుద్దేసింది. ప్రాణం ఉంది, నడుము కింద ఏమీ తెలియట్లేదన్నాడు. ఫోను పెట్టేశాక బావకి ఎలా చెప్పానో నాకు గుర్తు లేదు.

కారుని లాక్కొచ్చి పడేసిన గ్యారేజీకి నేనూ వెళ్ళాను ఆయనతో. వెనక సగం నలిగిపోయి ఉంది. బావ డ్రైవరు తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, గడప మీద ఉండే ప్లాస్టిక్ పట్టీని స్క్రూడ్రైవరుతో పైకి లేపాడు. కింద వైర్ల వెంట బురద, ఎండి పిండిలా ఉంది. జాయింట్లకి పచ్చటి చిలుం. చెయ్యి పెట్టి తీసి అరచేతిలో పట్టుకున్నాడు. ఇంత తెలివిగా కడిగిన దొంగ వెధవలు అని నేను తిట్టడం మొదలుపెట్టాను. ఆయన నన్ను ఆపనూ లేదు, నాతో కలవనూ లేదు. ఇంటికెళ్ళేదాకా ఆ చెయ్యి అలాగే మూసుకుని ఉన్నాడు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాం. బావని చూడగానే నర్సు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "బండి బంగారం అన్నయ్యా, నాకే చేతకాలేదు" అంది. కొత్త కదా, కంగారులో ఏదో నొక్కి ఉంటాను, లైట్లు కూడా నేనే ఆర్పేసి ఉంటాను, మీరంత చూసి ఇచ్చిన బండిని పాడుచేశాను అని ఆయనకే క్షమాపణ చెప్పుకుంది. బావ మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని నేను ఎదురుచూశాను. విశ్రాంతి తీసుకోమ్మా అని బయటికొచ్చేశాడు.

అక్కణ్ణించి నేరుగా షోరూంకి వెళ్ళి, నాకు ముక్కు పోయి చాలా కాలమైందని ఓనరుకి చెప్పేశాడు. ఆ బండి మునిగినదే, బాగుందని చెప్పిన పాపం నాదే అన్నాడు. అక్క పేరు ఎత్తలేదు. ఓనరు మొహం పాలిపోయింది. కాసేపటికి తేరుకుని తలుపు వేశాడు. ఈ మాట గడప దాటితే నువ్వూ నేనూ ఇద్దరం జైల్లో ఉంటాం, నోరు మూసుకుని ఇంటికి పో అని గట్టిగా అనడం నాకు వినబడింది. ఆ తర్వాత నర్సు తమ్ముడు ఫోను చేస్తే ఓనరే అందుకుని, కొత్తగా నడిపేవాళ్ళు కదండీ, కంగారు పడుంటారు పాపం అన్నాడు. అన్నాక నా వైపు చూశాడు. ఇంట్లో ఇంకెవరికీ జీతం లేదు గనక నేను మర్నాడు కూడా వెళ్ళి అదే కుర్చీలో కూర్చున్నాను.

బావ మళ్ళీ కార్లు కడగడానికి కుదిరాడు, ఒక పెద్ద అపార్టుమెంటు కింద. తెల్లారేసరికి బకెట్టు పట్టుకుని వెళ్ళేవాడు. అది నాకు బాధే గానీ, అంతకంటే అక్క పరిస్థితి చూసి భయం వేసింది. తోమిన గిన్నె మళ్ళీ తోమేది. కంచం ముందు కూర్చుని కలిపింది కలిపినట్టే వదిలేసేది. ఆయన ఇంట్లోకొస్తే గోడవైపు తిరిగి నిలబడేది. ఏమైందే నీకు, పాడైన కారు నువ్వేమైనా అమ్మావా అని ఒకరోజు ఉతికిన బట్టలు మడతపెడుతూ కసురుకున్నాను. చేతిలో బట్ట అలాగే పట్టుకుని చెప్పింది.

"నాకు వాసన వచ్చిందే. తలుపు తీయగానే వచ్చింది. లేదన్నాను."

ఓనరు మాటలు విన్నప్పటినుంచి నిద్ర లేదట. ఇంకో బండి వద్దంటే ఆయన పని పోతుంది, ఒక్కటి పోనిస్తే ఏమవుతుందిలే, అన్నీ చెడిపోతాయా అనుకుందట. సెంటు వాసన తప్ప ఏమీ లేదండీ అని చెప్పిందట. దేవుడిలాంటి మనిషి, నా మాట నమ్మి ఇలా అయిపోయాడు, ఇప్పుడు కూడా నా పేరు బయటికి రానివ్వకుండా నింద మొత్తం తన నెత్తిన వేసుకున్నాడు అని ఏడ్చింది. ఆయన ఒక్కసారి కొట్టినా బాగుండును, ఎందుకలా చెప్పావని అడగను కూడా అడగడు అంది. ఈ మాట బావకి చేరకూడదని నా చేత ఒట్టు వేయించుకుంది. నా ఒట్లు ఎంతసేపు నిలుస్తాయో దానికి తెలియదా?

అది రోజురోజుకీ కరిగిపోతుంటే చూడలేక, ఒక పొద్దున్న పనికెళ్ళేముందు ఆ అపార్టుమెంటుకి వెళ్ళాను. సెల్లారులో ఎవరిదో నల్ల కారు తుడుస్తున్నాడు బావ. అక్క అబద్ధం చెప్పింది, ఆ సంగతి నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, క్షమించానని ఒక్క మాట అను, లేకపోతే అది మనకి దక్కదు అన్నాను. ఆయన గుడ్డ పిండి, బానెట్ మీద పరిచాడు.

"క్షమించడానికి నేనెవర్ని?" అన్నాడు. "అది క్యారియరు తేకముందే నేను బెల్టు లాగి చూశాను."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. సీటు బెల్టుని మామూలుగా మనం కొంచెమే లాగుతాం. చివరిదాకా లాగితే లోపల చుట్టుకుని ఉన్నదంతా బయటికొస్తుంది. కార్పెట్లు మార్చేవాళ్ళు, సీట్లు కడిగేవాళ్ళు ఆ చుట్ట సంగతి మరిచిపోతారు. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ దాని మీద బురద గీత ఉండిపోతుంది. ఆ బూడిదరంగు కారులో గీత కూర్చున్న మనిషి గుండెల దాకా ఉందట. చూసి, బెల్టు వదిలేసి, అది లోపలికి చుట్టుకున్నాక అక్క కోసం కూర్చున్నాడు. అక్క లోపలికి రాగానే మొహం చిట్లించడం కూడా చూశాడు. "ఆ తర్వాత ఏమీ లేదండీ అంది. నాకు ప్రాణం లేచొచ్చింది" అన్నాడు.

నా చేతిలో ఉన్న బ్యాగు తీసి ఆయన మొహాన కొట్టాను. అద్దం, దువ్వెన, టిఫిన్ డబ్బా అన్నీ నేల మీద పడ్డాయి. ఆయన వంగి ఒక్కొక్కటీ ఏరి బ్యాగులో పెట్టి నాకిచ్చాడు. అక్కకి చెప్పొద్దన్నాడు. నేను దాని కోసమే నింద మోస్తున్నాననుకుంటోంది, నా దగ్గర ఇంకేమీ లేదు, అదైనా మిగలనీ అన్నాడు. ఆ మాటకి నాకు జాలి వేయలేదు, నిజం చెప్పాలంటే అసహ్యం వేసింది. తిండి మానేసి అది ఎండిపోతుంటే, ఆ మంచితనం పేరు తను ఉంచుకుందామనుకున్నాడా?

పనికి పోలేదు. ఇంటికెళ్ళి అక్కని కూర్చోబెట్టి మొత్తం చెప్పేశాను. చెబితే గుండె మీది బరువు దిగుతుందనుకున్నాను. అక్క విని, ఒక్కటే అడిగింది.

"బెల్టు చూశాక నన్ను కూర్చోబెట్టాడా, చూడకముందా?"

చూశాకే అన్నాను. అయితే నా చేత అనిపించాడన్నమాట అని మెల్లగా అంది అక్క. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. లేచి వంట చేసింది. నేను అంత భయపడింది మా ఇంట్లో ఇంకెప్పుడూ లేదు.

మధ్యాహ్నం బావ వచ్చి, కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. అక్క మొహం చూడగానే తెలిసిపోయింది ఆయనకి. చెప్పేసిందా అని అడిగాడు. తినండి, తిన్నాక ముగ్గురం బయల్దేరదాం అంది అక్క. ఎక్కడికని ఆయన అడగలేదు. నిండుకున్న గిన్నెలు కడిగి బోర్లించేదాకా ఆగి, తలుపుకి తాళం వేసుకుని నడిచాం.

నర్సు వాళ్ళ తమ్ముడింట్లో ఉంటోంది. ముందు గదిలోనే మంచం, పక్కన స్టూలు మీద మందులు. ఎవరెవరి ఇళ్ళకో వెళ్ళి కట్లు మార్చిన మనిషికి ఇప్పుడు మరదలు పక్క మారుస్తోంది. మమ్మల్ని చూసి ఆవిడ మొహం వికసించింది. అన్నయ్య వచ్చాడు, వదిన కూడా వచ్చింది చూడరా అని తమ్ముణ్ణి కేకేసి కుర్చీలు వేయించింది. మా అక్కని చూడడం అదే మొదటిసారి దగ్గర్నించి, అయినా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. రోజూ కళ్ళు మూసుకుని ఆ వంతెన మీదికే వెళ్తున్నాను వదినా అంది. మనసులోనే ఆ పెడళ్ళన్నీ తొక్కి చూసుకుంటున్నాను, ఎక్కడ పొరపాటు చేశానో ఇంకా దొరకలేదు, అది దొరికితే నిద్రపడుతుంది అంది.

అక్క ఆ చెయ్యి విడిపించుకుంది.

"నువ్వే పొరపాటూ చేయలేదమ్మా. ఆ బండి వరదలో మునిగింది. ఆయనకి మరక కనబడింది. నాకు వాసన వచ్చింది. ఇద్దరం ఊరుకున్నాం."

ఇంకేమీ కలపలేదు. ఓనరు బెదిరించాడనీ, ముక్కు పోయిందనీ, పని పోతుందని భయపడ్డామనీ ఏదో ఒకటి చెబుతుందేమోనని చూశాను. నేను చెబుదామని నోరు తెరిస్తే కళ్ళతోనే ఆపేసింది. నర్సు ముందు నవ్వబోయింది, ఏదో హాస్యమనుకుని. తర్వాత బావ వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు. ఆవిడ మొహంలోంచి మమ్మల్ని చూసిన సంతోషం ఇంకా పూర్తిగా పోలేదు, ఎక్కడికి పోవాలో తెలియనట్టు అలాగే ఉంది.

"నేను మీకేం చేశాను వదినా?" అని అడిగింది.

కోపంగా కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. బావ కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చున్నాడు. ఏం మాట్లాడాలన్నా ముందుండే నేను నేల చూపులు చూశాను. ఆవిడ మా ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూస్తూ, ఎవరో ఒకరు చెబుతారని ఆగింది. ఎంతసేపటికీ ఎవరం చెప్పకపోతే, ఆవిడ తమ్ముడు వెళ్ళి వీధి తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు.